తుంగభద్ర నీళ్లూ, దేశాల స్నేహమూ

దేశాల మధ్య చివరికి చెల్లేది బలమేనని కొందరు పండితులు అంటారు. ఉదారవాదులు ఒప్పుకోరు. వ్యాపారం, ఒప్పందాలు, ఉమ్మడి సంస్థలు ఉంటే పోట్లాట కన్నా పొత్తే లాభమని తెలిసొస్తుందని వారి వాదన. 1795లో జర్మన్ తత్వవేత్త కాంట్ శాశ్వత శాంతి మీద రాసిన వ్యాసం దానికి ఒక మూలం.

కర్నూలు, కడప రైతులకు ఇది కొత్త సంగతేం కాదు. తుంగభద్ర నీటి కోసం ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ, అటు నిజాం రాజ్యం ఏళ్ల తరబడి వాదులాడుకుని 1944లో ఒప్పందానికి వచ్చాయి. అప్పటికవి దాదాపు రెండు దేశాలే! మరుసటి ఏడాది డ్యాంకు పునాది పడింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక తుంగభద్ర బోర్డు వచ్చింది.

డ్యాం కర్ణాటకలో ఉన్నా, కుడివైపు కాలువలను చూసేది బోర్డే. మన కర్నూలు-కడప (కె.సి.) కాలువకు డ్యాంలో 10 టీఎంసీల వాటా ఉంది. పూడిక చేరి నిల్వ 133 టీఎంసీల నుంచి సుమారు 105కు పడిపోయింది. నీళ్లు తగ్గిన ఏడాది వాటాలన్నీ దామాషా ప్రకారం తగ్గుతాయి. ఎవరికీ తృప్తి ఉండదు, కానీ లెక్క అందరి ముందూ ఉంటుంది. సంస్థ వల్ల ఒరిగేది ముఖ్యంగా ఇదే.

అలాగని తగాదాలు పోలేదు. తుంగభద్ర మీదే ఉన్న రాజోలిబండ ఆనకట్ట దగ్గర నీటి కోసం గద్వాల, కర్నూలు రైతుల పేచీ అందరికీ తెలిసిందే. దేశాల మధ్యా అంతే: భారత్, పాకిస్థాన్‌ల 1960 నాటి సింధు జలాల ఒప్పందం యుద్ధాలను తట్టుకుని నిలిచినా, 2025 ఏప్రిల్‌లో భారత్ దాన్ని పక్కన పెట్టింది. తుంగభద్ర బోర్డు మాత్రం ఇప్పటికీ ఏటా నీళ్లు పంచుతూనే ఉంది.