ఆకలి శీతకాలపు పద్దులు

మా యింట అన్నము పారవేయుట మహాపరాధము. చద్దికుండ అడుగున మిగిలిన మెతుకులను గూడ నీళ్ళలో కలిపి త్రాగవలసినదే. ఎందుకని చిన్ననాడు అడిగినప్పుడెల్ల మా జేజి, అనగా నాయనమ్మ, "ధాత కరువు తిన్నోళ్ళ కడుపున పుట్టినాం నాయనా" అనెడిది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను 1876 మొదలు 1878 వరకు మాడ్చిన ఆ కరువు ఆమె పుట్టుకకు చాల ముందటిది. చూడని ఆకలి ఆమెకెట్లు సంక్రమించినది? ఈ ప్రశ్నతోనే హాలండు దేశపు శీతకాల మొకదానిని గూర్చి మేము చదువ నారంభించితిమి.

1944 సెప్టెంబరులో మిత్రసేనలకు తోడ్పాటుగా డచ్చి రైలు పనివారు సమ్మె చేసిరి. జర్మనులు ప్రతీకారముగా పశ్చిమ హాలండు నగరములకు ఆహారము పోనీయరైరి. పిమ్మట పడవలకు అనుమతి యిచ్చిరి గాని, చలి ముదిరి కాలువలు గడ్డకట్టెను. ఫిబ్రవరి చివరకు ఆంస్టర్డాంలో మనిషి దినబత్తెము 600 కెలొరీలైనను లేదు. జనులు తులిప్ పూల గడ్డలను ఉడికించి తినిరి. 1945 మేలో విముక్తి కలుగునప్పటికి సుమారు 20,000 మంది మరణించిరి.

మమ్ము నిలువరించిన సంగతి వేరు. బొగ్గు లేదు, విద్యుత్తు లేదు, మంత్రసానులకే కడుపునిండ తిండి లేదు. అయినను పుట్టిన బిడ్డను తూచుట, ఆ తూకము వ్రాయుట వారు మానలేదు. ఆంస్టర్డాం విల్హెల్మినా ఆసుపత్రిలో 1943 నవంబరు నుండి 1947 ఫిబ్రవరి వరకు పుట్టిన 2,414 మంది వివరములు పరిశోధకులకు అట్లే దక్కినవి. ఆనాటి పని ఆనాడు ముగించుట తప్ప వారికి వేరొక తలంపు ఉండియుండదని మా ఊహ.

సుమారు 50 ఏండ్ల పిమ్మట ఆ పద్దులు పట్టుకొని మనుష్యులను వెదకిరి. గర్భమున చివరి నెలలలో ఆకలి సోకినవారు తక్కువ తూకముతో పుట్టియుండిరి. తొలి నెలలలో సోకినవారు సరియైన తూకముతోనే పుట్టిరి. కాని పెద్దవారైన పిదప వారిలో గుండెజబ్బులు ఎక్కువగ కనబడినవి. కరువునాడు గర్భమున పడినవారికి, కరువు సోకని తోబుట్టువులకంటె, ఐ.జి.ఎఫ్.2 అను జన్యువుపై మిథైల్ గుర్తులు తక్కువగ నున్నవని 2008లో వెల్లడించిరి. జన్యువు మారలేదు, దానిమీది గుర్తు మారినది, అదియును 60 ఏండ్లు నిలిచినది!

అది మనుమలకు పాకుననుటకు రుజువు లింకను గట్టిపడలేదు. మా జేజి మాటకు శాస్త్రమే సాక్ష్యమని చెప్పుకొన మాకును ఆశ కలిగినది గాని, చెప్పరాదు. ఆమె భయము నెత్తుటి వెంట గాక వంటయింటి వెంట వచ్చినదేమో. తేల్చుటకు మనకు పద్దులేవి? 1877లో టెంపుల్ దొర కరువు పనివాని దినకూలిని ఒక పౌను ధాన్యమునకును, ఒక అణాకును తగ్గించుట, డాక్టరు కార్నిషు దానిని ఖండించుట కాగితములలో నున్నవి. రాళ్ళు కొట్టిన తల్లి పేరు లేదు, ఆమె బిడ్డ తూకము లేదు.

అందుచేత ఈ చలికాలము ప్రతి తెల్లవారుజామున, కేంద్రమునకు పోవుటకు ముందు, 80 ఏండ్ల మా మేనత్తను అడిగి ఒక పుట వ్రాయుచున్నాము. ఒక్క పుటయే, అంతకు మించి విన్ననాడు మాకు ఆఫీసు పని సాగదు. నిన్న ఆమె విత్తనపు జొన్నల సంగతి చెప్పినది. కుండలో పోసి గోడలో కప్పిపెట్టిరట, వానలు పడువరకు ముట్టలేదట. ఇంటిలో అందరును మిగిలిరా అని అడిగితిమి. ఇద్దరు బిడ్డలు పోయిరనినది. వారి పేర్లు ఆమెకు తెలియవు. అంతమట్టుకే వ్రాసుకొంటిమి.