పాట కట్టిన నేతబిడ్డ సుద్దాల హనుమంతు
(సూరత్‌లో తెలుగు మరమగ్గ కార్మికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలిరేట్ల గురించి, పని గంటల గురించి మాట్లాడవలసిన సభలో ఒక పాటగాని ప్రస్తావన దేనికని కొందరికి సందేహం కలుగవచ్చును. సుద్దాల హనుమంతు మనకు పరాయివాడు కాదు. లింబాయత్‌లోను, పర్వత్ పాటియాలోను సాంచాలు నడుపుతున్న తెలుగువారిలో అనేకులు కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల చేనేత కుటుంబాల నుండి వచ్చినవారే. హనుమంతు కూడా ఆ నేల మీదనే, నాటి నల్లగొండ జిల్లా పాలడుగు గ్రామంలో, ఒక పేద పద్మశాలి కుటుంబంలో జన్మించినారు. తరువాత నివాసమేర్పరచుకున్న సుద్దాల గ్రామం పేరే ఆయన ఇంటిపేరుగా లోకంలో నిలిచిపోయింది.

అది నిజాం ఏలుబడి. దేశ్‌ముఖుల గడీల ముందు చాకలి, మంగలి, కుమ్మరి, నేతగాడు, ప్రతి వృత్తివాడూ కూలి లేని వెట్టి చేయవలసిన కాలం. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్ర మహాసభ ఈ వెట్టికి వ్యతిరేకంగా పల్లెలను కదిలించింది. హనుమంతు ఆ గాలిలో ‘సంఘం’ మనిషి అయినారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు బలి అయిన తరువాత ఉద్యమం ఏ రూపం దాల్చినదో మీ తాతల నోట విని ఉంటారు. 1951లో విరమించే వరకు సాగిన ఆ పోరాటంలో తుపాకి పట్టినవారెందరో ఉన్నారు. హనుమంతు చేతి ఆయుధం పాట.

ఆయన పనితనాన్ని కొంచెం నిదానంగా గమనించవలసి ఉన్నది. కొత్త బాణీల కోసం ఆయన ఎక్కడికో వెదుకబోలేదు. గొల్లసుద్దులు, బుర్రకథ, యక్షగానం వంటి పల్లె చెవికి అలవాటైన రూపాలనే చేపట్టినారు. గొల్లసుద్దులలో కథకుడు ఒకటి చెబుతాడు, పక్కనున్నవాడు ఎదురు ప్రశ్న వేస్తాడు, ఇద్దరూ కలిసి జనాన్ని నవ్విస్తారు. ఆ నవ్వులోనే దొర దోపిడీ లెక్క బయటపడుతుంది. వినేవానికి అక్షరం రాకపోయినా విషయం బోధపడుతుంది. మన సంఘాలలో ఉపన్యాసకులకు కొదవ లేదు. ఎదురు ప్రశ్న వేసే ఆ పక్కవానికే చోటు తక్కువ.

‘పల్లెటూరి పిల్లగాడ’ అన్న పాట అందరూ ఎరిగినదే. పశువుల వెంట తిరిగే జీతగాడైన ఒక పసివాణ్ణి ఆ పాట పలుకరిస్తుంది. నినాదాల జోలికి పోదు. తల్లిపాలు మరచిన నాడే కొలువున చేరిన ఆ బిడ్డ ఒంటి మీది బట్టను, కాలి కింది ముల్లును, దొర ఇచ్చే జీతాన్ని ఒక్కొక్కటిగా అడుగుతూ పోతుంది. అడిగేవాడు పెద్దన్న వంటివాడు. జాలి చూపి వెళ్లిపోయేవాని మాట వేరు, పక్కన కూర్చుని లెక్క అడిగేవాని మాట వేరు. ఈ పాట రెండవ తరహాది. అందుచేతనే 1979 ప్రాంతంలో గౌతమ్ ఘోష్ దర్శకత్వాన, బి. నర్సింగరావు నిర్మాణాన వచ్చిన ‘మా భూమి’ చిత్రంలో ఆ పాట వినబడినప్పుడు, పోరాటం ముగిసిన చాలాకాలానికి పుట్టినవారు కూడా తమ ఊరి పిల్లవాణ్ణే చూసినారు. అదే చిత్రంలో బండి యాదగిరి పాటను పాడిన గద్దర్ 2023లో మనలను విడిచిపోయినారు. హనుమంతు 1982లో కన్నుమూసినారు. ఆయన కుమారుడు సుద్దాల అశోక్ తేజ 2003 నాటి ‘ఠాగూర్’ చిత్రంలోని పాటకు జాతీయ పురస్కారం అందుకున్నారు. తండ్రి పాటలను ఊరూరా కాపాడినది మాత్రం పురస్కారాలు కావు, నాట్ల వేళ పాడుకున్న కూలి తల్లుల గొంతులు.

ఇప్పుడు సూరత్ మాట. చేమగ్గం దగ్గర నేతగాడు పాడుకుంటూ నాడె విసరగలిగేవాడు. సాంచాల కార్ఖానాలో పక్కవాని కేకే వినబడదు, ఇక పాట ఎక్కడిది? పన్నెండు గంటలు ఆ మోతలో నిలబడి గదికి చేరినవానికి పాడే ఓపిక ఉండదు. వారానికి 48 గంటలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఆనాడే హద్దు పెట్టినదని ఆ మనిషికి చెప్పడం మన ధర్మమే. కరపత్రంలో చెప్పినది చిరిగిపోతుంది, పాటలో చెప్పినది గదిలోని పదిమందికి అంటుకుంటుంది.

1994లో ప్లేగు భయానికి కార్మికులు మూటాముల్లె సర్దుకుని రైళ్లెక్కినారు. 2006 ఆగస్టులో తాపీ వరద ఈ నగరాన్ని ముంచింది. 2020లో లాక్‌డౌన్ నాడు పని లేక, ఊరికి పోను బండి లేక వలస కార్మికులు సూరత్ వీధులలోకి వచ్చినారు. హనుమంతు ఇక్కడ ఉండి ఉంటే వీటిలో ఏ ఒక్కటీ ఆయన పాటకు తప్పించుకునేది కాదు.

సందర్భవశాన ఒక్క మాట. ప్రపంచ కార్మికులు ‘ఎర్రజెండా’ అని పాడుకునే ఆంగ్ల గీతాన్ని 1889లో, లండన్ రేవు కార్మికుల సమ్మె జరిగిన ఏడాదిలో, జిమ్ కానెల్ అనే ఐర్లండ్ కార్మికుడు రచించినాడు. ఆయన ఒక హుషారైన బాణీని మనసులో పెట్టుకుని రాస్తే, జనం దానిని ఒక నెమ్మదైన జర్మన్ బాణీలో పాడసాగినారు. కానెల్‌కు అది రుచించలేదు. అయినను పాట జనం బాణీలోనే నిలిచింది. పాట కట్టినవాడు ఎంతటివాడైనా, దాని నడక తేల్చేది పాడేవారే. మన కుర్రవాళ్లు హనుమంతు బాణీలను హిందీ, గుజరాతీ మాటలు కలిపి పాడుకుంటే పెద్దలు కోప్పడవద్దని ఈ సందర్భంలో మనవి చేస్తున్నాను. మన పక్క సాంచా నడిపే ఒడియా సోదరునికి కూడా అది అర్థం కావాలి గదా.

చివరగా ఒక ప్రతిపాదన. మన గల్లీలలో అరవై, డెబ్బై ఏళ్లు పైబడిన తల్లిదండ్రులు, తాతమ్మలు ఉన్నారు. హనుమంతువి, పేరు తెలియని ఇతర పాటగాళ్లవి, వారికి నోటికి వచ్చినన్ని పాటలను మన కార్యకర్తలు ఒక నోట్‌బుక్కులో రాసుకోవాలి. ఏ ఊరి బాణీయో పక్కన గుర్తు పెట్టాలి. తెలుగు మాధ్యమం బడులలో చదివిన పిల్లలు ఈ పనికి బాగా అక్కరకు వస్తారు. ప్రతి గల్లీ నుండి ఇద్దరేసి పేర్లు ఈ సభ ముగిసేలోగా కార్యదర్శిగారికి ఇవ్వగోరుతున్నాను.