నీటి మాటలు - అనువాదకుని బాధ్యత



నల్లగొండ పేరు నేడు దూరదేశముల నీటిశాస్త్ర గ్రంథములలో కానవచ్చుచున్నది. ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినచో పండ్లు గారపట్టును. అది మరింత హెచ్చినచో ఎముకలు వంగును. ఈ జిల్లావాసులకు ఇది విని యెరిగిన సంగతి కాదు, కని యెరిగినది. ఇట్టి నీటిని పటిక, సున్నము, బ్లీచింగు పౌడరులతో శుద్ధిచేయు విధానమును నాగపూరులోని జాతీయ పరిశోధన సంస్థ 'నీరీ' రూపొందించెను. 1970వ దశాబ్దమునుండి అది 'నల్లగొండ పద్ధతి'గా ప్రసిద్ధి చెందినది.

ఆఫ్రికాలోని సెనెగల్ దేశమునందును ఈ వ్యాధి కలదు. అచ్చటి శాస్త్రగ్రంథములు ఫ్రెంచి భాషలో నుండును. ఆ అనుభవము మనకును, మన అనుభవము వారికిని అందవలెనన్నచో ఫ్రెంచి, ఇంగ్లీషు భాషల నడుమ అనువాదకుడు నిలువవలెను. అతని పని తేలికయైనది కాదు.

ఫ్రెంచిలో 'దెకాంతాసియోన్' అను మాట కలదు. ఇంగ్లీషు 'డికాంటేషన్' దానికి తోబుట్టువువలె తోచును. కాని నీటిశుద్ధిలో ఫ్రెంచి మాటకు మడ్డి అడుగునకు దిగుట యని అర్థము. ఇంగ్లీషున దానిని 'సెడిమెంటేషన్' అనవలెను. డికాంటేషన్ అనగా పైతేటను వంచుకొనుట. కడవనీటిలో చిల్లగింజ అరగదీసి కలిపిన ఇల్లాలికి ఈ భేదము తెలియును. నీరు తేరుట వేరు, తేటను వంచుట వేరు. నల్లగొండ పద్ధతిలో నెమ్మదిగా కలిపిన పిదప నీటిని సుమారు గంటసేపు కదల్చక తేరనీయవలెను. ఫ్లోరైడు చేరునది ఆ మడ్డిలోనే. తొందరపడి వంచినచో విషము తిరిగి బిందెలోనికే వచ్చును.

అంకెలయందును చిక్కు కలదు. ఫ్రెంచి పరీక్షాపత్రములలో క్షారతకు 'టి.ఎ.', 'టి.ఎ.సి.' అని రెండు కొలతలుండును. సహజ జలములలో మొదటిది తరచు సున్నయే. మొత్తము క్షారతను తెలుపునది రెండవది. మొదటిదానిని వట్టి 'ఆల్కలినిటీ' యని అనువదించినచో నీటిలో క్షారతయే లేదని చదువరి భ్రమించును. పటిక మోతాదును నిర్ణయించునది ఫ్లోరైడుతోపాటు ఆ క్షారతయే గదా!

కాఠిన్యపు డిగ్రీలును ఇట్టివే. ఫ్రెంచి డిగ్రీ యనగా లీటరునకు 10 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేటు. ఇంగ్లీషు డిగ్రీ యనగా సుమారు 14.25. కావున ఫ్రెంచి 20 డిగ్రీలు ఇంగ్లీషున 14 మాత్రమే. 20ని 20గానే ఉంచినచో 200 మిల్లీగ్రాముల నీరు కాగితముపై 285 అగును.

కావున అనువాదకుడు నిఘంటువును మాత్రమే గాక నీటిని గూడ ఎరిగియుండవలెను. ఇంగ్లీషునుండి తెలుగునకు తెచ్చువారికిని ఇదియే నియమము. తేట, మడ్డి, తేరుట మొదలగు మాటలు మన యిండ్లలో సిద్ధముగా నున్నవి. పెద్దలనుండి వానిని సేకరించి గ్రంథాలయమున భద్రపరచుట, ఊరి బావినీటి పరీక్షాపత్రమును అందరికి అర్థమగు తెలుగున చదివి వినిపించుట ఈ రజతోత్సవ సంవత్సరమున యువకులు పూనుకొనదగిన కార్యములు.