మాస్టారి ప్రశ్న
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

2020లో కరోనాతో కాలేజీలు మూతపడ్డప్పుడు, పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పే ఒక మాస్టారికి ఆన్‌లైన్ క్లాసు నేర్పే పని నా మీద పడింది. ఆయన వెనకాడుతుంటే కొత్తదంటే భయం కాబోలనుకున్నాను. మూడో రోజు ఆయనే అడిగారు: "బాబూ, పాఠం అర్థమయిందో లేదో పిల్లల మొహాలు చూసి తెలుసుకునేవాణ్ణి. అందరూ కెమెరాలు ఆపేస్తే ఎక్కడ చూడను? లేత్ మెషీన్ ముట్టుకోకుండా పనెలా వస్తుంది?"

నా దగ్గర జవాబు లేదు.

ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లోనే ఎన్‌పీటీఈఎల్ మొదలుపెట్టాయి. 2017లో స్వయం వచ్చింది. పాఠాలకు కొదవ లేదు. మాస్టార్లకు మనం బటన్లు నొక్కడం నేర్పాం, వాళ్ల సందేహం వినలేదు. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని పాఠాన్ని చిన్న ముక్కలు చేశాం. ముక్క ముక్కకీ ఒక ప్రశ్న పెట్టాం. చేతిపనిని మాత్రం కాలేజీ తెరిచేదాకా ఆపాం. అప్పుడు ఆయన మొహంలో ధైర్యం కనిపించింది.

మన రామతీర్థంలో గురుభక్తుల కొండ ఉంది. గురుభక్తి అంటే శాలువా కప్పడమొక్కటే కాదు. ఇక్కడున్న ప్రతి ఇంజనీరూ ఈ ఏడాది ఒక్క మాస్టారి పక్కన కూర్చోండి. నేర్పే ముందు ఆయన ప్రశ్న వినండి.