న్యాయవాది శ్రీ బొజ్జా తారకముగారు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములుగా మన యూరివారికి విజ్ఞానము నందించుచున్న ఈ మందిరమున, చట్టమును పేదవాని గడపకు చేర్చుటకై పాటుపడిన ఒక న్యాయవాదిని స్మరించుట ఉచితమని తలచితిని. ఆయన కీర్తిశేషులు శ్రీ బొజ్జా తారకముగారు.

వారు 1939వ సంవత్సరము జూన్ 27వ తేదీన కోనసీమలోని కందికుప్ప గ్రామమున జన్మించిరి. న్యాయశాస్త్రము నభ్యసించి నిజామాబాదులో వకీలుగా పనిచేయుచు, అచ్చట అంబేద్కరు యువజన సంఘమును నెలకొల్పిరి. 1975లో విధింపబడిన అత్యవసర పరిస్థితి కాలమున కారాగారవాసము ననుభవించిరి. ఇతరులను విడిపింపవలసిన వకీలే ఖైదీయైనప్పుడు, చట్టమనగా నేమో లోపలినుండి చూచు అవకాశము కలుగును గదా!

తరువాత హైదరాబాదు చేరి హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది యైరి. గౌరవమునకు గాని, రాబడికి గాని లోటులేని పదవి యది. అట్లుండగా 1985 జూలై 17వ తేదీన కారంచేడులో, మంచినీటి చెరువు వద్ద పుట్టిన తగవు కారణముగా, దళితవాడపై దాడి జరిగి ఆరుగురు హతులైరి. తక్కినవారు చీరాలలో తలదాచుకొనిరి. తారకముగారు తమ పదవికి రాజీనామా యిచ్చి బాధితుల పక్షమున నిలిచిరి. శ్రీ కత్తి పద్మారావుగారు మొదలగువారితో కలసి దళిత మహాసభను స్థాపించిరి. ఆ కేసు సుప్రీంకోర్టులో తేలుసరికి 2008 డిసెంబరు వచ్చినది. న్యాయమునకై బాధితులు ఇరువదిమూడేండ్లు వేచియుండవలసివచ్చెను.

1991 ఆగస్టు 6వ తేదీన చుండూరులో ఎనమండుగురు దళితులు హతులైరి. ఊరిలోనే ప్రత్యేక న్యాయస్థానము వెలసెను. 2007లో అది 21 మందికి యావజ్జీవ శిక్ష విధించెను. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసెను. ఈ కేసులోను తారకముగారు బాధితులకు అండగా నిలిచి పోరాడిరి. గెలిచిన కేసులను బట్టియే వకీలును కొలుచువారు ఈ ఘట్టమును గమనింపవలెను. ఓటమి యెదురైనను వారు కక్షిదారుల చేయి విడువలేదు.

వారు కవులు కూడ. 'నది పుట్టిన గొంతుక' వారి కవితా సంపుటి. అయినను గ్రంథాలయ పాఠకులకు నేను ముఖ్యముగా చెప్పదలచినది 'పోలీసులు అరెస్టు చేస్తే' అను పుస్తకమును గురించి. సామాన్యుడు తన హక్కులను తన భాషలో తెలిసికొనుటకై వారు దానిని రచించిరి.

సాధారణముగా అరెస్టయిన వానికి కారణము చెప్పవలెనని, 24 గంటలలో మేజిస్ట్రేటు ఎదుట నిలుపవలెనని, వకీలును సంప్రదింపనీయవలెనని రాజ్యాంగము 22వ అధికరణము చెప్పుచున్నది. స్త్రీలకును, షెడ్యూల్డు కులములు, తెగలవారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. మనలో నెందరికి ఈ సంగతి తెలియును? తెలియని హక్కు పూడ్చిపెట్టిన ధనము వంటిది. అది ఆకలివేళ అక్కరకు రాదు.

2016 సెప్టెంబరు 16వ తేదీన తారకముగారు హైదరాబాదులో కన్నుమూసిరి. వారికి విగ్రహము కట్టుట మనవల్ల కాకపోవచ్చును. కాని ఈ గ్రంథాలయమున చట్టముల పుస్తకములకు ఒక బీరువా కేటాయించి, వారమున కొకనాడు చదువురానివారికి చదివి వినిపించుట మనవల్ల నగును. కార్యవర్గమువారు ఈ రజతోత్సవమున ఆ పనికి పూనుకొందురుగాక యని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.