పద్మగంధి – ప్రేతకన్య: ఒక చీనా ప్రణయగాథ

చీనా దేశమున షాన్‌డుంగ్ రాష్ట్రమునకు చెందిన పూ సుంగ్లింగ్ (1640–1715) చిన్న వయసుననే తొలి పరీక్షయందు ప్రథముడుగా నిలిచెను. పై పరీక్షలలో మాత్రము మరల మరల తప్పి, జీవితమున అధికభాగమును ఒక సంపన్నుని యింట ఉపాధ్యాయుడుగా గడపెను. ఆయన వ్రాసిన విచిత్రకథలు దాదాపు 500. వానికి 1679లో పీఠిక వ్రాసికొనినను, అవి అచ్చయినది 1766లో. అనగా ఆయన గతించిన 51 సంవత్సరములకు.

దయ్యముల కథ యనగానే పిల్లలను పడుకొనబెట్టవలెనేమో యని తల్లులు శంకింపనక్కరలేదు. మేము నేడు వినిపింపదలచిన కథలో భయముకంటె ప్రణయము హెచ్చు. అసూయ అంతకంటె హెచ్చు.

సాంగ్ అను యువకుడు తల్లిదండ్రులు లేనివాడు. ఒంటరిగా ఒక బసలో చదువుకొనుచుండెను. ఒక రాత్రి లియెన్ షియాంగ్ అను సుందరి వచ్చి, పడమటి వీధి గణికనని చెప్పికొనెను. ఆ పేరునకు పద్మగంధి యని యర్థము. మరి కొన్నాళ్లకు, ఆమె రాని రాత్రి, పదునైదేండ్ల బాలిక యొకతె వచ్చెను. ఇంటిపేరు లీ, మంచి కుటుంబపు పిల్లనని చెప్పెను. కుట్టుపని చేసిన తన పాదరక్ష నొకదానిని ఇచ్చిపోయెను. దానిని చేతబట్టి తలచినంతనే ఆమె ప్రత్యక్షమగుచుండెను.

యువకుడు నానాటికి కృశించెను. లియెన్ షియాంగ్ నాడి చూచి, కిటికీ సందున పొంచి చూచి, “అది మనిషి కాదు, ప్రేతము” అనెను. లీ యును వెంబడించి, కొండగుహలో దూరుట కనిపెట్టి, “అది నక్క” అనెను. చీనావారి నక్క మన జిత్తులమారి నక్క వంటిది కాదు. చిరకాలము జీవించి స్త్రీరూపము దాల్చగల జాతి. ఇద్దరును ఎదుటిదానిని గూర్చి సత్యమే పలికిరి. తమ్మును గూర్చి మాత్రము బొంకిరి. యువకుడు రెండు సత్యములను సవతిపోరుగా త్రోసివేసెను. పింగళి సూరన కళాపూర్ణోదయమున ఇద్దరు రంభల వివాదమును ఎరిగినవారికి ఈ చిక్కు కొత్త కాదు. ఇచ్చట పందెము మాత్రము ఒక ప్రాణము.

మాట చెల్లని లియెన్ షియాంగ్, నూరు దినములకు నిన్ను మంచముమీద చూతునని వెడలిపోయెను. ఆమె తిరిగివచ్చునప్పటికి అతనికి అవసానదశ. పాదరక్షచే లీని రప్పించి యడుగగా, ఆ బాలిక తాను ప్రేతమనియు, చేటు చేయవలెనని తలపలేదనియు విలపించెను. మూడు కొండలలో మూడు నెలలు తిరిగి కూర్చిన మందునకు అనుపానము ఆ లీ నోటి తడియే! మన వైద్యులు తేనెయో, అల్లపురసమో చెప్పుదురు. వ్యాధి ఎవరివలన వచ్చెనో చికిత్సయు వారివలననే యని అచటి న్యాయము.

యువకుడు బ్రతికెను. లీ ఆనాటినుండి ప్రత్యర్థిని అక్కగా సేవించి, మనుష్యజన్మముపై తపించి, అప్పుడే మరణించిన ఝాంగ్ వారి కుమార్తె దేహమున ప్రవేశించెను. మన పరకాయప్రవేశ కథలలో ఇంతటితో పని ముగియును. పూ సుంగ్లింగ్ ఇచట ఆగలేదు. అద్దమున ఆ కొత్త ముఖమును చూచి ఆమె యేడ్చెను. పాత పాదరక్ష ఆ కాళ్లకు పట్టలేదు. అన్నము మాని పడియుండగా ఒడలు వాచి, పొరలూడి, తుదకు పాదరక్ష సరిపోయెను. నేడు యువజనులకై వెలువడు దయ్యముల ప్రణయనవలలలో దీనికి సాటివచ్చు ఘట్టమును మేము చదువలేదు.

లీ సాంగ్‌ను వివాహమాడెను. లియెన్ షియాంగ్ ఒక కుమారుని కని మరణించెను. శయ్యపై మిగిలినది నక్క కళేబరము. సాంగ్ దానిని సగౌరవముగా పాతిపెట్టెను. ఏండ్లు గడచినపిమ్మట ఒక వృద్ధురాలు పదునాలుగేండ్ల పిల్లను అమ్మవచ్చెను. ఆ ముఖము లియెన్ షియాంగ్‌దే.

1670లో ప్రయాణమధ్యమున, వానచే యీజౌలోని సత్రమున చిక్కుకొని, పదివేల యక్షరములకు మించిన ఒక వ్రాతప్రతిలో ఈ వృత్తాంతమును చదివితినని, తాను చెప్పినది సంగ్రహమేయనియు రచయిత కథాంతమున వ్రాసెను. ఆ సంగ్రహములో కడపటి దృశ్యమిది: ఇద్దరు స్త్రీల పూర్వదేహముల యెముకలను ఒకే సమాధిలో చేర్చిరి. ఈ వింత విని బంధుమిత్రులు పిలువకయే వందలకొలది శుభవస్త్రములు ధరించి వచ్చి, ఆ గోతి ప్రక్కన నిలిచిరి.