పాత కారుకు పాత సామాను
మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది గాని, మనలో కొందరి ఇళ్ళలో అది ఇంకా తిరుగుతూనే ఉంది. నా కారుకు సెల్ఫ్ మోటారు పోతే మెకానిక్ కొత్తదానికి రూ.4,500 చెప్పాడు. విజయవాడ ఆటోనగర్‌లో పాతది రూ.1,500కు దొరికింది. బ్యాటరీకి తగిలించి, తిప్పి చూపించాకే డబ్బిచ్చాను.

తలుపులు, బంపర్లు, అద్దాలు పాతవైనా ఫరవాలేదు. బ్రేకు సామాను, స్టీరింగు జాయింట్లు, టైమింగ్ బెల్టు మాత్రం కొత్తవే వేయించండి. పైపైన చూస్తే వాటి అరుగుదల తెలియదు.

పాత ఇంజను కొనేవారు మరీ జాగ్రత్త. వోచరు లేనిదే పైసా కదలనివ్వని కొలువు చేసినవాళ్ళం, బిల్లు, పాత బండి కాగితాల నకలు లేకుండా ఎలా తీసుకుంటాం? అది దొంగబండిదైతే పోలీసులు వచ్చేది మన గుమ్మానికే. మార్చిన ఇంజను నంబరును రవాణా కార్యాలయంలో ఆర్.సి.లో ఎక్కించుకోవాలి కూడాను.